తలంటు పోసుకున్న కాకి

మోకాళ్ళు వంగని వయసులో సముద్రం చూడ్డానికి పోవడంలో ఒక సుఖం ఉంది. అలల్లోకి దిగుదువుగాని రమ్మని ఎవరూ చెయ్యి పట్టి లాగరు. పోయిన చలికాలం కోస్తాలో ఉన్న మా చెల్లెలి కూతురింటికి వెళ్ళినప్పుడు, ఆ పిల్ల నన్నొక ప్లాస్టిక్ కుర్చీతో సహా ఒడ్డున దించి, "పెద్దమ్మా, ఇక్కడే కూర్చో, ఎక్కడికీ వెళ్ళకు" అని చెప్పి పిల్లల వెంట పరుగెత్తింది. ఎక్కడికి వెళ్తాను? ముందు సముద్రం, వెనక మిరపకాయ బజ్జీల బండి. రెండింట్లో ఏదీ ఒంటికి మంచిది కాదని డాక్టరు ముందే చెప్పాడు.

ఉప్పువాసన వస్తుందని అందరూ చెబితే దానికి సిద్ధపడి వెళ్ళాను. ముక్కుకు తగిలింది మాత్రం ప్రొద్దుటూరులో మా ఇంటి వెనక నూనెమిల్లు ఇంజను వాసన. దూరాన ఏదో ఓడ చమురు కక్కిందట. ఇసుక మీద తారు చిలకరించినట్టు నల్లటి మరకలు. కాస్త అవతల షామియానా కింద కాలేజీ పిల్లలు చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని, తొట్లలో ఏవో నల్లటి ముద్దల్ని కడుగుతున్నారు. చెప్పిన మాట వినే అలవాటు చిన్నప్పటి నుంచీ లేదు కాబట్టి కుర్చీ వదిలి లేచి వెళ్ళాను. ముద్దలు కాదు, పిట్టలు. ఒక అమ్మాయి చేతిలోని పిట్ట తల తిప్పి నన్ను చూసింది. భయపడిన చూపు కాదది. స్నానాల గదిలోకి పొరపాటున తొంగి చూసినవాళ్ళను పెద్దవాళ్ళు చూసే చూపు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఒకప్పుడు మా ఇంట్లో ఒక కాకి తలంటు పోసుకుంటూ నన్ను అచ్చం అలాగే చూసింది.

ప్రొద్దుటూరులో మా ఇల్లు నూనెమిల్లు ప్రహరీని ఆనుకొని ఉండేది. గడియారం లేని ఆ ఇంట్లో మాకు పొద్దు ముక్కుతోనే తెలిసేది. చెనిక్కాయలు, అదే వేరుశనక్కాయలు, వేగిన వాసన వస్తే పనివాళ్ళు మిల్లులోకి దిగినట్టు, పిండిన చెక్క వాసన వస్తే మధ్యాహ్నం అయినట్టు, క్రూడాయిలు పొగ ఆగి దాని వాసన మిగిలితే ఇంజను కట్టేసినట్టు. ఆరేసిన బట్టలు, కుండలో బువ్వ, నా జడ, అన్నీ ఒకే వాసన. మా జేజినాయన ఆ మిల్లులో నూనె పిండే మిషన్ల దగ్గర జీవితమంతా పనిచేశాడు. మా వైపు నాయన తండ్రిని జేజినాయన అంటాం, తల్లిని జేజి అంటాం. ఆయన పంచె ఉతికితే చివరికి సబ్బే ఓడిపోయేది. చెయ్యి పట్టుకుంటే జారిపోతాడని నేను ఆయన పంచె అంచు పట్టుకొని నడిచేదాన్ని.

అలాంటి మనిషికి ఒకటే కోరిక, సముద్రం చూడాలని. ఆ జబ్బు అంటించింది మా చిన్నాయన ఓబులేసు. చిన్నాయన అదే మిల్లులో ఇంజను డ్రైవరు. ఇంజనుకు సామాన్లు తేవడానికి ఒకసారి మద్రాసు పోయి, పనిలో పనిగా సముద్రం చూసొచ్చాడు. అప్పటి నుంచి రోజూ సంగటి ముద్దల ముందు అదే విచారణ.

"పెన్నకు ఎన్నింతలుంటాదిరా?"

"పెన్నతో యాడ పోలుస్తావు నాయనా. ఆ పక్క గట్టే ల్యా."

"గట్టు ల్యాకుండా నీళ్ళెట్ల నిలబడతాయిరా, అబద్ధాల కొడకా?"

అబద్ధాల కొడుకు అన్నది ఊరికే తిట్టు కాదు, చిన్నాయనకు ఊళ్ళో ఉన్న పేరే అది. మా జేజి మాత్రం రొట్టె తడుతూ, "నీళ్ళు సూసేకి అంత దూరం పోవాల్నా? పెరట్లో బాయుంది, తొంగి సూసుకోపో" అనేది. ఆంధ్ర రాష్ట్రం వచ్చి మద్రాసు మనది కాకుండా పోయినప్పుడు అందరూ రాజధాని పోయిందని బాధపడితే, మా జేజినాయన ఒక్కడు సముద్రం పోయిందని బాధపడ్డాడు. మనకూ కావాల్సినంత సముద్రం ఉందని చిన్నాయన చెబితే, ఇది కూడా ఆ అబద్ధాల్లో ఒకటి అనుకున్నాడు.

జేజి గురించి చెప్పాలంటే ఆమె కాళ్ళ గురించి చెప్పాలి. మా వీధిలో పుట్టిన ప్రతి బిడ్డకూ నీళ్ళు పోసింది ఆమే. పెరట్లో పీట మీద కూర్చొని, చీర మోకాళ్ళ పైకి లాగి, రెండు కాళ్ళూ ముందుకు చాపి, ఆ కాళ్ళ మీద బిడ్డను పండబెట్టేది. ఆముదం రుద్దడం, సున్నిపిండితో నలుగు పెట్టడం, వేడినీళ్ళు చెంబుతో ధారగా పోయడం, ఆఖరున నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, వెదురుగంప బోర్లించి, దాని మీద బిడ్డను పెట్టి ఆరబెట్టడం, చెవి పక్కన మసితో దిష్టిచుక్క పెట్టి తల్లి చేతికివ్వడం. తాసిల్దారు మనవడైనా, దూదేకే వాళ్ళ బిడ్డైనా అదే వరస. నేనూ ఆ కాళ్ళ మీద నుంచి లేచిన దాన్నే. ఇక ఆముదం సంగతి. దగ్గొస్తే ఆముదం, కాలు బెణికితే ఆముదం, తలుపు కిర్రుమంటే ఆముదం. నేను ఎదురు మాట్లాడినప్పుడు కూడా, "దీనికి కడుపులో వేడి చేసింది" అని ఒక గరిటె పట్టించేది. అందుకే మా ఇంట్లో నేను హాస్యమాడటానికి చాలా మూల్యం చెల్లించాల్సి వచ్చేది.

జేజినాయన పోయిన రోజు ఆమె ఊళ్ళో లేదు. జమ్మలమడుగులో మా బంధువుల ఇంట బిడ్డకు నీళ్ళు పోయడానికి పోయింది. ఆయనకు జ్వరం వచ్చిందని కబురు అందేసరికి వానకు దోవలో వంక పొంగి బస్సు ఆగిపోయింది. ఆమె ఇల్లు చేరేలోపల అంతా అయిపోయింది. గడపలో నిలబడి ఆమె అడిగింది ఒకటే మాట. "కాళ్ళు సల్లబడినప్పుడు ఆముదం రుద్దినారా?" ఎవరూ రుద్దలేదు. అప్పటి నుంచి పెన్న పొంగినా, వంక పొంగినా, ఆకాశం మబ్బేసినా ముఖం అటు తిప్పుకునేది.

ఏడాది తిరిగి ఆయన తద్దినం వచ్చింది, దానితోపాటు గాలివానా వచ్చింది. తూర్పున ఎక్కడో తీరం దాటిన తుఫాను ఇటు మా మీదికి ఎక్కింది. వారాలు గడిచినా ఒక చినుకు రాల్చని ఆకాశం ఆ మనిషి తద్దినానికి మాత్రం కాగు బోర్లించినట్టు కురిసింది. అమ్మ వడలు, పాయసం, జేజినాయనకు ఇష్టమైన వంకాయ అన్నీ చేసింది. నాయన ఆకులో వడ్డించి మిద్దెమీద పెట్టి, నెత్తిన గోనెసంచి కప్పుకొని "కా, కా" అని పిలుస్తున్నాడు. కాకి ముట్టనిదే ఎవరూ తినకూడదు. కాకులు ఒక్కటీ లేవు. నాయన గొంతు విని మైదుకూరు దాకా పోయి ఉంటాయని నేను అన్నాను. అమ్మ గరిటె చూపించింది. జేజి మాత్రం వసారాలో గోడకు ఆనుకొని, "రాడు. నేను ల్యాకుండా పోయినోడు, నేను పిలిస్తే వస్తాడా?" అని తనలో తాను అనుకుంటోంది. అప్పుడు నా ఆకలి కాస్త వెనక్కు తగ్గింది. పూర్తిగా తగ్గిందని చెబితే అబద్ధం అవుతుంది.

అంతలో చిన్నాయన తడిసి ముద్దయి, ఒక గోనెసంచి పొట్టకు ఆనించుకొని వచ్చాడు.

"వదినా, ఆకులెయ్యి! కాకిని తెచ్చినా."

నాయన మిద్దె దిగొచ్చాడు. "పట్టుకొచ్చేదేందిరా? అది దానంతట అది రావాల."

"దానంతట అదే వచ్చిందన్నా, మిల్లులోకి. ఈడికి దోవ తెలీక ఆడ దిగబడింది."

మిల్లులో ఇంజను నుంచి కారే నల్లనూనె, మిషన్ల కింద ఒలికే చెనిక్కాయ నూనె ఒక గుంతలోకి పోయేవి. వానకు ఆ గుంత పొంగి ఆవరణంతా మడుగైంది. గాలికి ఊరంతా నీళ్ళు ఎగిరి పడుతుంటే, నూనె తేలిన ఆ మడుగొక్కటే అల లేకుండా నున్నగా మెరుస్తూ ఉండి ఉంటుంది. అలసినవాళ్ళకు నున్నటిదల్లా మంచిచోటుగానే కనిపిస్తుంది. సంచి విప్పితే లోపల నల్లటి, జిడ్డు కారే ముద్ద. రెక్కలు ఒంటికి అతుక్కుపోయి, సగం అరిగిన చీపురుకట్టలా ఉంది. ఒళ్ళంతా వణుకుతోంది. నాయన సంశయిస్తూనే ఒక మెతుకు దాని ముక్కు ముందు పెట్టాడు. అది మెతుకును చూడలేదు. పాయసం పెడితే తల పక్కకు తిప్పుకుంది.

"ముక్కుతో యేలిముద్ర ఏయించుకుంటే సాలదా నాయనా? ఒకసారి ఆకుకు తాకిచ్చండి" అన్నాను నేను. నా వీపు మీద అమ్మ చెయ్యి పడింది.

జేజి లేచి వచ్చింది. "మీ నాయనకు పాయసం యాడ పడతాదిరా? తీపంటేనే గిట్టేది కాదు. వాన్ని అట్ల వణికిస్తా నిలబడినారేంది? ఇట్లియ్యి." వాన్ని అన్న మాటకు చిన్నాయన సంచి ఆమె ముందుకు జరిపాడు. ఆమె దాన్ని ఒడిలోకి తీసుకొని, రెండు వేళ్ళతో దాని కాళ్ళు పట్టుకు చూసింది. "కాళ్ళు సల్లగుండాయి" అంది. అంతే, వంటింట్లోకి పోయి గిన్నెలో ఆముదం వెచ్చబెట్టింది.

"జేజీ, అది నూనెలో పడే గదా అట్లయింది" అన్నాను.

"అది ఇంజను నూనె. ఇది ఆముదం. దానికీ దీనికీ సమ్మందమేంది?"

మా ఇంట్లో ఆముదానికి ఎదురు చెప్పే ధైర్యం పిట్టకే కాదు, మనిషికి కూడా లేదు. ఆమె ఆ పిట్టను కాళ్ళ నుంచి మెడ దాకా శ్రద్ధగా, పసిబిడ్డకు రుద్దినట్టు రుద్దింది. అది మెడ వంచి ఒళ్ళంతా ముక్కుతో గోక్కుంది. ఈకల్లోని నూనె వదిలించుకోవడానికి దానికి తెలిసిన దారి ఒక్కటే, నోటితో తియ్యడం. తీసిందల్లా గొంతులోకి పోయింది. కాసేపటికి కడుపు జారింది. "సూసినారా, లోపలిదంతా బయటపడతాంది" అంది జేజి, నయమవుతున్నట్టు. కానీ వణుకు పెరిగింది. మధ్యాహ్నానికి మెడ వాలింది.

పక్కింటి హుసేనమ్మ అప్పుడే వచ్చింది. వాళ్ళది దూదేకే ఇల్లు. ఆమె మొగుడు విల్లుతో దూది ఏకితే ఈమె బొంతలు కుట్టేది. జేజికీ ఈమెకూ జీవితమంతా వదినా అంటే వదినా అనుకుంటూ పోట్లాడుకోవడమే పని.

"ఏంది వదినా, కాకికి తాలింపు పెడతాండావా?"

"సలికి వణుకుతాంటే ఆముదం రుద్దినా. నోరు మూసుకొని కూచో."

హుసేనమ్మ కూర్చోలేదు. వంగి, పిట్ట రొమ్ము మీద ఈకలు వేళ్ళతో విడదీసి చూసింది. కింద చర్మం కనిపించింది, గులాబీ రంగులో, తడిగా. "వదినా, బొంతలో నూనె పోసుకోని కప్పుకుంటే వెచ్చగుంటాదా? మేము దూది ఎందుకు ఏకుతాం? సందుసందుల్లో గాలి నిలబడేకి. వెచ్చదనం దూదిలో యాడుంది, ఆ గాల్లోనే ఉండేది. నూనె తగిలితే దూది ముద్దగడతాది, గాలి పోతాది, నీళ్ళు నేరుగా ఒంటికి దిగతాయి. దీని బొంత ముందే తడిసింటే, నువ్వు ఇంగో గిన్నె పోసినావు."

జేజి తన చేతులకేసి చూసుకుంది. నూనెతో మెరుస్తున్న ఆ చేతులు ఊళ్ళో ఎందరికి ప్రాణం పోశాయో నాకు తెలుసు. "మళ్ళా నా వల్లనే పోతాడా హుసేనమ్మా?" అంది. అమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. ఇంకొంచెం ఆగితే ఇల్లంతా ఏడ్చేది.

"పోడులే జేజీ, ఇంత ఆముదం తాగినోడు దొడ్డికి తప్ప ఇంగ యాడికీ పోడు" అన్నాను. జేజి కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. నవ్వి, "కుంకుడుకాయలు కొట్టవే అమ్మీ" అంది.

పొద్దు వాలకముందే కాగులో నీళ్ళు మరిగాయి. వాన చినుకులకు తగ్గింది. జేజి పీట మీద కూర్చొని కాళ్ళు చాపింది. ఆ కాళ్ళ మధ్య పిట్టను పండబెట్టింది, తల పాదాల వైపు, మెడ కింద ఒక అరచెయ్యి. నేను కుంకుడు రసం పోస్తుంటే ఆమె చిటికెనవేలితో ఈక వాలు వెంబడి, మొదలు నుంచి కొసకు, ఒక్కొక్క ఈకే దువ్వినట్టు తోమింది. మొదటి చెంబుకు దిగిన నీళ్ళు ఇంజను కడిగిన నీళ్ళే. పారబోసి మళ్ళీ. పారబోసి మళ్ళీ. దాని కళ్ళల్లో పడకుండా ఆమె అరచెయ్యి అడ్డం పెట్టే తీరు చూస్తుంటే, నా చిన్నప్పటి స్నానాలు నాకు గుర్తుండకపోయినా ఒంటికి గుర్తొచ్చాయి. హుసేనమ్మ నీళ్ళు తోడింది. చిన్నాయన పొయ్యి ఊదాడు. ఆ నల్లనూనె గుంత చూసుకునేది తానే కాబట్టి పొయ్యి మీంచి తలెత్తలేదు.

అప్పుడు జేజి వేలి కింద ఒక తెల్లటి గీత కనిపించింది. కుంకుడు నురగ అనుకున్నాం. నీళ్ళు పోసినా పోలేదు, వెడల్పయింది. రొమ్మంతా తెలుపు, మెడ తెలుపు, రెక్కల మీద వెన్నెల్లో బూడిద కలిపినట్టు ఒక రంగు. ముక్కు ఎరుపు, కాళ్ళు ఎరుపు. గోడల మీద నుంచి తొంగిచూస్తున్న వీధి వీధంతా ఇంకా ముందుకు వంగింది. చెంబులోంచి చినుకులు పడే చప్పుడు వినిపించింది. మా కళ్ళ ముందు కాకి తెల్లబడింది. నా జీవితంలో అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ అంత తెలుపు నేను చూడలేదు. కాసేపటికి ఎదురింటామె గొంతు సవరించుకొని జేజితో, "నాగమ్మవ్వా, రేపు మా సుబ్బడికి గూడా ఆ కుంకుళ్ళే పొయ్యి తల్లీ" అంది. అప్పటికి గాని ఎవరికీ ఊపిరాడలేదు.

నాయన దగ్గరికొచ్చి వాళ్ళమ్మతో మెల్లగా, "మా, ఇది కాకి గాదు" అన్నాడు. ఆ మాటకు అర్థం ఇది జేజినాయన కాదు అని. అందరం జేజి ముఖం చూశాం. ఆమె తలెత్తలేదు. "కడగాల్సింది కడుగుతాండా. ఎవురైందీ తర్వాత సూద్దాం" అంది. చెవి దగ్గర, కంటి వెనక, ఒక నల్లటి మచ్చ మిగిలింది. ఎంత తోమినా పోలేదు. ఆమె వంగి పరీక్షగా చూసి, "ఇది మసి గాదు. దిష్టిసుక్క. వచ్చేటప్పుడే ఎవురో పెట్టి పంపిచ్చినారు" అంది.

చిన్నాయన ఊదుగొట్టం కింద పెట్టాడు. "నాకు తెలుసు. ఇది సముద్రం పిట్ట. మద్రాసులో సూసినా. పడవల ఎంబడి మందలు మందలుగా తిరుగుతాంటాయి. గాలివాన ఈడికి ఈడ్చుకొచ్చింటాది."

ఊళ్ళో వాళ్ళు నవ్వారు. చిన్నాయన జీవితంలో చెప్పిన నిజాల్లో అది పెద్దది, దాన్నీ ఎవరూ నమ్మలేదు. జేజి ఒక్కతే చెంబు ఆపింది.

"సముద్రం కాన్నుంచా?"

"ఔ మా. నీమీదొట్టు."

ఆమె ఆ పిట్ట ముఖం తనవైపు తిప్పుకుంది. "అయితే పొయ్యినాడు. పొయ్యి సూసి, ఎట్లుందో నాకు సెప్పేకొచ్చినాడు."

"జేజినాయన నలుపు గదా జేజీ" అన్నాను.

"అన్ని నీళ్ళలో మునిగితే తెల్లబడరేమే?"

ఆ సాయంత్రం అది వెదురుగంప మీద సాంబ్రాణి పొగలో కూర్చొని, చిన్నాయన కాలవలో పట్టుకొచ్చిన చేపను తలతో సహా ఒక్క గుక్కలో మింగింది. పాయసం వద్దని చేప తిన్నాక జేజికి ఇంకే సాక్ష్యమూ అవసరం లేకపోయింది. మేమూ బువ్వ తిన్నాం. తద్దినం జరిగిందో లేదో నాయన ఎవరినీ అడగలేదు.

శుభ్రమైంది కదా, ఇక వదిలేద్దామని తెల్లవారి తొట్టిలో దించితే మా సంబరం దిగిపోయింది. సముద్రం పిట్ట, నీళ్ళలో మునిగింది. వీపు దాకా తడిసి, రెక్కలు కొట్టుకొని, జేజి అందుకోకపోతే బాయిలో చెంబులా అడుక్కు పోయేది. నూనె పోయింది గాని నీళ్ళను ఆపే గుణం తిరిగి రాలేదు. ఇట్లాగే వదిలితే చస్తుంది, ఇంట్లోనే పెట్టుకుంటే అదీ చావే. హుసేనమ్మ పెదవి విరిచి, "తడిసిన దూది ఆరితే సాలదు వదినా, మళ్ళా ఏకాల. దీన్ని ఎవురు ఏకుతారు?" అంది.

అదే ఏక్కుంది. ఆ పని చూడ్డానికి నేను బడి కూడా మానేశాను, బడి వాళ్ళు ఆ నష్టాన్ని భరించారు. వసారాలో నులకమంచం కింద నిలబడి, అది మెడ వెనక్కు తిప్పి, తోక మొదట్లో ముక్కుతో ఒత్తేది. అక్కడ ఈకల మాటున బఠాణీ గింజంత బుడిపె ఉంది. దాన్ని ఒత్తితే నూనె. ఆ నూనె ముక్కుకు అద్దుకొని ఒక్కో ఈకనూ మొదట పట్టుకొని కొస దాకా లాగేది. ఒకటయ్యాక ఇంకొకటి. పొద్దున మొదలుపెడితే చేప తినడానికి తప్ప ఆగేది కాదు. పక్కన ఊరంతటికీ నూనె పిండే మిల్లు దడదడలాడుతోంది, ఇంట్లో గిన్నెల కొద్దీ ఆముదం ఉంది, దానికి పనికొచ్చే నూనె మాత్రం మా ఎవరి దగ్గరా ఒక్క చుక్క లేదు. అంత చిన్న మిల్లు, ఇంజను లేకుండా, పొగ లేకుండా, ఒలకకుండా, ఆ పిట్ట తోక మీద నడుస్తోంది.

రాలిన ఈకలు రెండు దొరికితే నేను దాచుకున్నాను. ఒకదాన్ని అంచు పట్టి చీల్చాను. చీలింది. మళ్ళీ వేళ్ళ మధ్య దువ్వితే అతుక్కుంది, చీలిన జాడ కూడా లేదు. కంటికి కనపడని కొక్కేలేవో ఒకదాన్నొకటి పట్టుకుంటున్నాయి. గుడ్డ చినిగితే కుట్టాలి, కాగితం చినిగితే పారెయ్యాలి, మా నాయనకూ పులివెందుల మేనమామకూ మధ్య చినిగింది ఇప్పటికీ అతకలేదు. ఈక మాత్రం ఎన్నిసార్లు చించినా అతుక్కుంటూనే ఉంది. రెండోదాన్ని నల్లనూనెలో ముంచి దువ్వాను. తడిసిన జడ పాయల్లా విడివిడిగా ముద్దకట్టింది. ఎంత దువ్వినా కొక్కేలు పట్టుకోలేదు. ఒక్క చుక్క చాలు, అంతటి నేతపనీ జిడ్డుగుడ్డ. ఆ రెండు ఈకల్నీ పక్కపక్కన పెట్టుకొని ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలియదు. జేజి వచ్చి నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది, నేను మాట్లాడకుండా ఉన్నానని.

ఒకరోజు జేజి చెంబుతో దాని వీపు మీద నీళ్ళు వంపింది. నీళ్ళు చేమాకు మీద పడ్డట్టు గుండ్రంగా దొర్లి కింద పడ్డాయి. వీపు పొడిగా ఉంది. ఆమె చెంబు పక్కన పెట్టి, "ఇంగ పంపిద్దాం" అంది.

పెన్నలో ఏ ఏడాదికో ఒకసారి నీళ్ళు. మిగతా కాలమంతా ఇసుక. ఆ తుఫానుకు మాత్రం ఒడ్డులొరుసుకొని, ఎర్రగా, చెట్ల కొమ్మలు మోసుకుంటూ పారుతోంది. ఏడాదిగా పారే నీళ్ళు చూడనిది, జేజి తనే ముందు నడిచింది, గంప చంకన పెట్టుకొని. ఒడ్డున కూర్చొని, చీర పైకి లాగి, కాళ్ళు చాపి, పిట్టను వాటి మీద పెట్టుకుంది.

"ఓబులేసూ, ఈ నీళ్ళు యాడికి పోతాయిరా?"

"నెల్లూరు దాటి సముద్రంలోకి మా."

"ఇది అబద్ధమా, నిజమా?"

"నిజం మా."

ఆమె ఒక్కసారి దాని కాళ్ళు రెండూ పిడికిట్లో పట్టుకుంది. తర్వాత వంగి నీళ్ళ మీద పెట్టింది. అది మునగలేదు. కాగితం పడవలా పైపైన, సగం ఒళ్ళు నీటికి తగలనట్టు తేలింది. ప్రవాహం దాన్ని తీసుకుపోయింది. జేజి లేచి నిలబడి నాలుగడుగులు ఒడ్డు వెంబడి పరుగెత్తింది. ఆమె పరుగెత్తడం అదొక్కసారే చూశాను. అంతలో అది రెక్కలు విప్పింది. మా ఇంట్లో గంపకు సరిపోయిన పిట్టకు అంతంత రెక్కలు ఎక్కడివో తెలియదు. ఎర్రటి నీళ్ళ మీద తెల్లగా లేచి, మా తల మీదుగా ఒక చుట్టు తిరిగింది. గాలి చూసుకోవడానికి తిరిగి ఉంటుంది. మా కోసం అని నేను రాయను. తర్వాత నది వెంబడి తూర్పుకు పోయింది.

జేజి అటే చూస్తూ, "పోయేటప్పుడు పట్టుకొని సూసినానే అమ్మీ. కాళ్ళు వెచ్చగుండాయి" అంది.

నా నాలుక మీద ఒక హాస్యం సిద్ధంగా ఉండింది. ఏమిటో ఇప్పుడు గుర్తులేదు. అనలేదు కాబట్టి గుర్తులేదు.

మిల్లు గుంత చుట్టూ చిన్నాయన మోకాలెత్తు గట్టు కట్టాడు, దాని మీద తడికె కప్పాడు. ఎవరూ చెప్పలేదు. అప్పుడు నూనె ఎంత ఒలికినా ఒక గుంత, పడింది ఒక పిట్ట, కడగడానికి ఒక జేజి. లెక్క సరిపోయింది. ఇప్పుడు ఒలికే దానికి గట్టు కట్టడానికి ఆ పక్క గట్టే లేదు. షామియానా కింద తొట్లు వరసగా ఉన్నాయి, గంపలు వరసగా ఉన్నాయి, వాటిలో తలలు వాల్చినవే ఎక్కువ. పిల్లలు పాపం పొద్దున్నుంచీ తిండి లేకుండా కడుగుతున్నారు. వాళ్ళ దగ్గర కుంకుళ్ళు లేవు, ఏదో గిన్నెలు తోమే సబ్బునీళ్ళు. సాంబ్రాణి లేదు, వేడిగాలి మిషను. కానీ ఆ అమ్మాయి పిట్ట కళ్ళల్లో నీళ్ళు పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది, అది ఎవరూ నేర్పకుండానే.

ఆమె నడుము పట్టేసి లేవబోతే, నేను ఇసుకలో కూలబడి, చీర పైకి లాగి, కాళ్ళు చాపాను. మళ్ళీ లేవగలనా అన్న ఆలోచన తర్వాత వచ్చింది. ఆ అమ్మాయి ఒక క్షణం నన్ను చూసి, పిట్టను నా కాళ్ళ మీద పెట్టింది. ఆమె పోస్తోంది, నేను చిటికెనవేలితో దువ్వుతున్నాను. నలుపు దిగి, ఒక తెల్లటి గీత కనిపించింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఊపిరి ఆగింది.

అంతా అయ్యాక ఆ అమ్మాయి చిన్న బ్రష్షు తీసుకొని చెవి దగ్గర మచ్చను రుద్దడం మొదలుపెట్టింది. ఎంత రుద్దినా అది అలాగే ఉంది.

"ఇదొక్కటీ పోవట్లేదండీ మామ్మగారూ."

"పోదు లేమ్మా, వదిలెయ్యి" అన్నాను. "అది మా జేజి పెట్టింది."